బావి సినిమా

రెబెకాకు సినిమా పేర్లు గుర్తుండవు. చూసిన ప్రతి సినిమాకూ తనే ఒక పేరు పెట్టేసుకుంటుంది. హీరో వానలో గొడుగు పారేసి పాట పాడితే అది గొడుగు సినిమా. అత్తగారు కోడలు వండిన కూరలో దొంగతనంగా ఉప్పు పోస్తే అది ఉప్పు సినిమా. అన్నీ పాతవే, సగానికి సగం నలుపూ తెలుపూవే. ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నం తిన్నాక ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి, ఎదురుగా పీట వేసుకొని కూర్చుంటుంది. సినిమా చూడడం ఎంత ఇష్టమో, చూశాక దాన్ని చీల్చి చెండాడడం అంతకు రెట్టింపు ఇష్టం. ఆ చీల్చేదంతా తోడికోడలు ఫెబీ ఫోనుకు వాయిస్ మెసేజీలుగా పోతుంది.

"కంది చేలో ఆ పిల్ల కొడవలి పట్టుకున్నది చూసినావా ఫెబీ? దువ్వెన పట్టుకున్నట్ల పట్టుకుంది. అట్ల కోస్తే పొద్దుగూకేసరికి ఒక్క సాలు తెగదు. పైగా పాట ఒకటి. నోరు తెరిస్తే దుమ్ము గొంతులోకి పోదా?"

ఈ మెసేజీలకు ఫెబీ ఒక్కతే శ్రోత కాదు. ఫెబీ పొద్దున్నే మాలకొండయ్య గారి బర్రెల కొట్టంలో పేడ ఎత్తే పనికి పోతుంది. మాలకొండయ్య భార్య కొండమ్మ పాల చెంబు పట్టుకొని వచ్చి, "మీ అక్క ఈ వారం ఎవుర్ని తిట్టిందో పెట్టవే, విందాం" అంటుంది. కొండమ్మ కూడా పాత సినిమాల మనిషే. పెద్ద టీవీలో అవే సినిమాలు చూస్తుంది, కానీ చూసి ఊరుకుంటుంది. రెబెకా మాట విన్నాక గానీ ఆమెకు సినిమా చూసినట్టు ఉండదు. "నిజమేనే, నాకూ అట్లనే అనిపించింది" అని కడుపు పట్టుకొని నవ్వుతుంది. ఊళ్ళో ఎవరికీ దొరకని చనువు ఆ ఇంట్లో రెబెకాకు దొరికింది ఈ నోటి వల్లే. ఇప్పుడు పీకల మీదికి తెచ్చిందీ ఆ నోరే.

ఆ రోజు పొద్దున రెబెకా మాలకొండయ్య గారి కంది చేలో చివరి సాళ్ళు కోస్తోంది. కందికట్టె మొదలు ఎండి చేవ తేలి ఉంది. ఎడమ చేత్తో గుప్పిట పట్టి, కాలు కొంచెం వెనక్కి వేసి, కొడవలిని వాల్చి లాగితే తప్ప తెగడం లేదు. తలెత్తేసరికి ఫెబీ గట్టు వదిలేసి చేనికి అడ్డం పడి వస్తోంది. మోచేతుల దాకా పేడ ఎండిపోయి ఉంది.

"అక్కా, కొంప మునిగింది."

"ఏంది? బర్రె తన్నిందా?"

"నీ మెసేజి అక్కా. కొండమ్మ పెద్దమ్మ వినేసింది."

"వింటే ఏమాయ? రోజూ వినేదే గదా."

"గొడుగు సినిమాది కాదు. బావి సినిమాది."

రెబెకా చేతిలో కొడవలి ఉన్నచోటే ఆగిపోయింది. ఫెబీ దడదడా చెప్పుకొచ్చింది. కొండమ్మ గొడుగు సినిమా ముచ్చట పెట్టమంటే, తను వేలి కణుపుతో నొక్కి, ఫోను పిట్టగోడ మీద పెట్టి, పేడ తట్ట ఎత్తుకొని దిబ్బ దగ్గరికి పోయింది. గొడుగు సినిమా అయిపోయింది, కొండమ్మ నవ్వింది. ఫోను అంతటితో ఊరుకుంటే బాగుండేది. దాని కిందనున్న మెసేజిని ఎవరూ నొక్కకుండానే అందుకుంది.

"ఉరుకుతా వచ్చినా అక్కా. రెండు చేతులా పేడ. తుడుచుకోని నొక్కేలోపల అయిపొయ్యింది."

"మొత్తం వినిందా?"

"మొత్తం. చివర్లో నువ్వు నవ్వింది కూడా."

"ఏమన్నా అనిందా?"

"ఏమీ అనలా. చెంబు తీసుకోని లోపలికి పోయింది. పాలు పిండకుండానే పోయింది."

రెబెకాకు తనేం చెప్పిందో ఒక్కొక్క మాటా గుర్తుంది. గుర్తు లేకపోయినా బాగుండేది.

"ఆ బావి సినిమా చూసినానే ఫెబీ. సగంలోనే నెట్టు అయిపొయ్యింది. అబ్బా, ఎంత సాగదీసినాడో! పెద్దింటామె పైనుంచి చెంబుతో నీళ్ళు పోస్తాది, ఈ పిల్ల కింద దోసిలి పట్టుకోని తాగుతాది. కెమెరాను ఆడనే పాతేసినాడు. మోచేతుల మీదుగా నీళ్ళు కారేది ఎంతసేపు చూడాల? అతి. ఇప్పుడు ఇట్లాంటియ్యి ఏడుండాయి? మన కొండమ్మ పెద్దమ్మను తీసుకపోయి ఆ బావి కాడ నిలబెట్టి ఉంటే, ఒక కాగితం గ్లాసు ఇచ్చి ఉండేది. తాగు, పారెయ్యి. దోసిలి పట్టే పని లేదు, గ్లాసు ఇంట్లోకి పొయ్యే పని లేదు. సీను అర నిమిషంలో అయిపోయి ఉండేది."

ఆ తర్వాత నవ్వు. అది ఎగతాళి నవ్వు కూడా కాదు, నిజంగా నవ్వొచ్చే నవ్వింది.

ఆ ఇంట్లో పనికి పోయినప్పుడు ఊళ్ళోని నాగరత్నమ్మకు స్టీలు గ్లాసులో టీ ఇస్తారు. చర్చి వీధి నుంచి పోయిన రెబెకాకూ ఫెబీకీ కాగితం గ్లాసులో ఇస్తారు. ఇలా ఇవ్వాలని ఎవరూ చెప్పలేదు, ఎందుకని ఎవరూ అడగలేదు. టీ ఒకటే, చక్కెర ఒకటే, ఇచ్చేటప్పుడు కొండమ్మ నవ్వూ ఒకటే. ఇన్నేళ్ళలో దాన్ని నోటితో అన్నది రెబెకా ఒక్కతే, అదీ సినిమా గురించి మాట్లాడుతూ.

"అక్కా, చేను..." అంది ఫెబీ, పూర్తి చేయకుండా.

చెప్పక్కర్లేదు. రెబెకా కళ్ళ ముందు అప్పటికే ఆ చేనే ఉంది. వాగు పక్కన మాలకొండయ్య గారి నల్లరేగడి చేను ఈ ఏడు రెబెకా, ఆమె మొగుడు శ్యాంసన్ కౌలుకు చేశారు. కాగితం లేదు, రాత లేదు, మాట ఒక్కటే. వచ్చే ఏటికి కూడా అడిగితే, "మా కందులు ఇంట్లోకి చేరనీ, చూద్దాం" అన్నాడు మాలకొండయ్య. ఆ చేను పోతే మళ్ళీ హైదరాబాదే. పిల్లను హాస్టల్లో వదిలి, కడుతున్న అపార్టుమెంటు పక్కన నీలం పట్టా గుడారంలో కాపురం. ఆ గుడారానికి తలుపు లేదు. శ్యాంసన్ స్లాబు పనికి పోయిన ప్రతిసారీ ఆమె చీకట్లో కూర్చొని ఎవరి అడుగులో అని వింటూ ఉండేది. ఈ ఏడాదంతా తలుపు గడియ పెట్టుకొని పడుకుంది. గడియ పెట్టుకునే సుఖం ఏమిటో అది లేని చోట బతికిన వాళ్ళకే తెలుస్తుంది.

"నువ్వు పో. ఏమీ తెలియనట్ల ఉండు" అంది ఫెబీతో. మళ్ళీ వంగి కొడవలి వేసింది. మొదటి వేటు కట్టెను తప్పి మట్టిలో దిగింది.

సాయంత్రం శ్యాంసన్ ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ, "పెద్దనాయన రేపట్నుంచి నిన్ను కళ్ళం కాడికి రమ్మన్నాడు" అన్నాడు. అతను నడిపేది మాలకొండయ్య ట్రాక్టరే.

"ఎట్ల అన్నాడు?"

"ఎట్ల అంటాడు? నోటితోనే అన్నాడు."

"మొహం ఎట్ల పెట్టినాడు?"

"ఇంజను ఆన్‌లో ఉంది. ఆ మోతలో మాట వినేదే కష్టం, మొహం ఎవురు చూసినారు? ఏంది నీ కత?"

ఏమీ లేదంది. చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే అతను ఇప్పుడే పోయి వాళ్ళ కాళ్ళ మీద పడతాడు. అది చూడడం ఆమెకు ఇంకా భయం. అన్నం ముందు ప్రార్థన ఆ పూట పొడుగైంది. శ్యాంసన్ ఒక కన్ను తెరిచి కూర గిన్నె వైపు చూశాడు. ఆమె ఫెబీ ఫోను తెప్పించుకొని ఆ మెసేజిని తీసేసింది. ఫోనులోంచి పోయింది గానీ కొండమ్మ చెవిలోంచి తీసేసే మీట అందులో ఎక్కడా లేదు.

మాలకొండయ్య గారి కళ్ళం ఇంటి వెనకే. పట్టలు పరిచి, ఎండిన కందికట్టె మోపులు విప్పి వేసి, ఆడవాళ్ళు వరసగా నిలబడి కర్రలతో కొడుతున్నారు. కాయ పగిలి గింజ చిటపటా పట్ట మీద రాలుతోంది. రెబెకా తలగుడ్డ ముక్కు మీదికి లాక్కొని కొడుతోంది. రేకుల నీడలో కొండమ్మ కుర్చీ ఖాళీగా ఉంది. మామూలుగా అయితే ఆమె అందులో కూర్చొని, "ఆ గుడ్డి గాయకుడి సినిమా చూసినావా, వాడికి చివర్లో చూపు ఎట్ల వచ్చిందంటావ్?" అని ఏదో ఒకటి కదిలిస్తుంది. ఈ రోజు ఇంట్లో గిన్నె చప్పుడు కూడా లేదు.

"కొండమ్మక్క లేదు" అంది పక్కన కొడుతున్న నాగరత్నమ్మ. "పొద్దున బస్సుకే మార్కాపురం పోయింది, వాళ్ళ తమ్ముడు అశోక్ కాడికి. ఆయప్ప ఎన్నాళ్ళ నుంచో వాగు పక్క చేను అడుగుతున్నాడు గదా, బత్తాయి పెట్టుకుంటానని."

రెబెకా కర్ర గాలిలో ఆగింది. "ఇప్పుడెందుకు పోయిందంట?"

"నాకేం తెలుసు? మొహం మాత్రం ముడుచుకోని ఉండింది."

ఇంకేముంది. అన్నీ ఒక్కొక్కటే కూడుకున్నాయి. విన్నది, అలిగింది, తమ్ముడికి చేను ఇస్తానని చెప్పడానికి బస్సెక్కింది. రెబెకా కొట్టుడు ఎక్కువైంది. అవసరం లేనంత గట్టిగా కొడుతుంటే గింజలు పట్ట దాటి మట్టిలో పడుతున్నాయి. ఫెబీ ఏమీ అనకుండా వంగి వాటిని ఏరి లోపలికి వేసింది.

ఎండ వాలే వేళకు మాలకొండయ్య తనే ఫ్లాస్కు పట్టుకొని బయటికొచ్చాడు. పంచె ఎగ్గట్టి, ఆడవాళ్ళకు టీ పోయడం అలవాటు లేని ఇబ్బందితో నిలబడ్డాడు. నాగరత్నమ్మ కుళాయి పక్క బుట్టలో బోర్లించిన స్టీలు గ్లాసు ఒకటి తీసుకొని పట్టింది. ఆయన పోశాడు. తర్వాత రెబెకా వైపు చూశాడు.

"కాగితం గ్లాసులు ఏడ పెట్టిందో. ఇల్లంతా ఎతికినా. ఆమెకే తెలుసు, ఆమె ఏమో లేదు."

బుట్ట నిండా గ్లాసులున్నాయి. పొద్దున తోమినవి ఎండకు మెరుస్తున్నాయి. ఆయన చూపు బుట్ట మీదికి పోయి వచ్చింది. రెబెకా చూపూ పోయి వచ్చింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

"మాకొద్దులే పెద్దనాయనా" అంది రెబెకా. "ఈ ఎండకు టీ తాగబుద్ధి కాలా."

"సరే అయితే" అని ఆయన గబగబా ఫ్లాస్కు మూత బిగించాడు. బరువు దిగినట్టే ఉంది ఆయనకు. పోతూ పోతూ ఆగి, "రెబెకమ్మా, రేపు మీ పెద్దమ్మ వచ్చినాక నీతో ఒక మాట ఉంది. పని అయినాక నిలబడు" అన్నాడు.

దుమ్ముకు రెబెకా గొంతూ ఫెబీ గొంతూ పిడచకట్టుకుపోయాయి. నాగరత్నమ్మ తన టీని తొందరగా, గోడ వైపు తిరిగి తాగేసింది.

మూడో రోజు గాలి బాగుంది. రెబెకా బల్ల మీద నిలబడి చేటతో కందులు తూర్పారబడుతోంది. పొట్టు ఒక పక్కకు ఎగిరిపోయి గింజ కాళ్ళ దగ్గర కుప్ప పడుతోంది. కుర్చీలో కొండమ్మ ఉంది. పొద్దున్నించీ ఉంది. ఒక్క సినిమా మాట ఎత్తలేదు. రెబెకా చేట ఎత్తినప్పుడల్లా ఆ చూపు తన మీదే ఉన్నట్టు వీపుకు తెలుస్తోంది. మనసులో క్షమాపణ కట్టుకుంటోంది. 'నోరు జారినా పెద్దమ్మా, నవ్వులాటకు అన్నా, మీరు నాకు తల్లి లాంటోళ్ళు.' అన్నీ సినిమా మాటల్లానే ఉన్నాయి. ఇలాంటి మాటలు వేరేవాళ్ళు చెబితే తను ఎంత తిట్టేదో తలచుకుంటే సిగ్గేసింది. అయినా భయం సిగ్గును మించి ఉంది. తలుపు లేని గుడారం పదేపదే కళ్ళకు కడుతోంది.

బస్తాలు కుట్టారు. శ్యాంసన్ ఒక్కొక్కటే వీపున వేసుకొని కొట్టుగదిలోకి చేర్చి, ట్రాక్టరు కడగడానికి వాగు దగ్గరికి తీసుకుపోయాడు. నాగరత్నమ్మ ఇంటికి పోయింది. ఫెబీ బర్రెలకు నీళ్ళు పెట్టడానికి కొట్టంలోకి పోయింది గానీ, ఆమె చెవి ఇక్కడే ఉందని రెబెకాకు తెలుసు.

మాలకొండయ్య తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ వచ్చాడు. "ఆ వాగు పక్క చేను సంగతి రెబెకమ్మా. అశోక్ చెట్లు పెడతానని పట్టుబట్టినాడు."

రెబెకా చేతులు కట్టుకొని నేల చూసింది.

"నాకూ ఇయ్యాలనే ఉండింది. మీ పెద్దమ్మే నిన్న పోయి వాళ్ళ తమ్మునికి కుదరదని చెప్పొచ్చింది. చేసేవాళ్ళు చేసుకుంటుంటే మద్దెలో తీసేది ఏంది అనింది. మీరే చేసుకోండి. శ్యాంసన్‌కు చెప్పు" అని ఆయన వీధిలోకి వెళ్ళిపోయాడు.

రెబెకా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎంత తప్పుగా అనుకుంది! ఈ మనిషి గురించి ఎన్ని ఊహించుకుంది! కొండమ్మ లోపలికి పోయి వచ్చింది. చేతిలో పొగలు కక్కే టీ. కాగితం గ్లాసులో కాదు. తళతళలాడే కొత్త స్టీలు గ్లాసులో.

"పట్టు. చెయ్యి కాలుతాది, కొంగుతో పట్టు."

"పెద్దమ్మా, ఆ పొద్దు నేను..."

"ఏం చెప్పబాకు. నువ్వు అన్నప్పటి నుంచి నాకు నిద్ర పట్టలా. నిజమే గదా అనిపించింది. రెక్కలు ముక్కలు చేసుకునే మనిషికి కాగితం గ్లాసులో పోసిచ్చేది ఏంది? అందుకే మార్కాపురంలో తెచ్చినా, నీకొకటి, ఫెబీకొకటి."

రెబెకా ఊదుకుంటూ తాగింది. ఇంత మంచి టీ ఆ ఇంట్లో ఎప్పుడూ తాగలేదనుకుంది. గ్లాసు తిప్పితే అంచు కింద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు కనిపించాయి. రెబెకమ్మ. పెళ్ళికి పెట్టే గిన్నెల మీద కొట్టిస్తారే, అలా. తన పేరు ఇంతవరకు ఏ గిన్నె మీదా లేదు. ఆమె వేలితో దాన్ని తడిమి చూసుకుంది.

కుళాయి దగ్గరికి పోయి గ్లాసును బూడిదతో తోమి, రెండు సార్లు కడిగి, తెచ్చి కొండమ్మకు ఇచ్చింది. కొండమ్మ చెయ్యి ముందుకు రాలేదు.

"లోపలికి ఎందుకే? కొట్టం గూట్లో పెట్టుకో. ఇంటికి తీసుకపోయి వచ్చేటప్పుడు తెచ్చుకున్నా సరే. నీ పేరు ఉండాది గదా, మా వాటిల్లో కలిసిపోయే భయం లేదు. అందుకే కొట్టించినా."

ఆ మాటలో విషం లేదు. చిక్కుముడి ఒకటి ఎవరూ నొచ్చుకోకుండా విప్పగలిగిన మనిషి సంతోషం ఉంది. కొట్టం గూట్లో ఏముంటాయో రెబెకాకు తెలుసు. బర్రెలకు మందు పోసే గొట్టం, తుప్పు పట్టిన కొడవలి, పలుపుతాళ్ళు. ఆమె గ్లాసును రెండు చేతుల్లో పట్టుకొని అలాగే నిలబడింది. తడి గ్లాసు నుంచి నీళ్ళు అరచేతుల్లోకి దిగి, మణికట్టు దాటి, మోచేతుల దాకా కారుతున్నాయి. ఆ నీళ్ళు కారేది ఆమె చూస్తూ ఉండిపోయింది.

"అట్ల చూస్తావేందే? బాగలేదా?" అంది కొండమ్మ. ఆ తర్వాత పాత చనువుతో కుర్చీలో సర్దుకొని కూర్చుంది. "ఇంతకీ ఆ బావి సినిమా చివరికి ఏమైందే? సగమే చూసినానంటివి."

"తెలీదు పెద్దమ్మా. మళ్ళా మొదట్నుంచి చూడాల."

"సాగదీసినాడంటివి గదా, మళ్ళా ఎట్ల చూస్తావు?"

రెబెకాకు భయం మళ్ళీ మొదలైంది, మూడు రోజుల భయమంతా ఒక్కసారిగా. చేను ఇప్పుడే చేతికొచ్చింది. మాట ఇచ్చినాయన ఇంకా వీధిలోనే ఉండి ఉంటాడు. కాగితం లేని మాట, ఎంతసేపట్లోనైనా వెనక్కి పోతుంది. గూడు పది అంగల దూరంలో ఉంది. పోయి పెట్టేస్తే అయిపోతుంది. కాళ్ళు గూటి వైపు తిరిగాయి కూడా.

తిరిగిన కాళ్ళు కుళాయి దగ్గర ఆగాయి. ఆమె వంగి, బుట్టలో బోర్లించిన గ్లాసుల మధ్య కొంచెం చోటు చేసి, తన గ్లాసును వాటి నడుమ బోర్లించింది. అది పక్క గ్లాసుకు తగిలి టంగుమంది.

"పోయొస్తా పెద్దమ్మా" అంది.

కొండమ్మ బుట్ట వైపు చూస్తోంది. కొట్టం తలుపు దగ్గర ఫెబీ నీళ్ళ బకెట్టుతో కొయ్యబారిపోయింది. రెబెకా తలగుడ్డ విప్పి భుజాన వేసుకొని నడిచింది. వెనక్కి చూసే ధైర్యం లేదు. బుట్టలోంచి గ్లాసు బయటికి తీసిన చప్పుడు వస్తుందేమోనని గేటు దాటేదాకా చెవులు వెనకే పెట్టుకొని నడిచింది. ఏ చప్పుడూ రాలేదు. కొండమ్మ తీయలేదో, తను దాటిపోయేదాకా ఆగి చూస్తోందో ఎవరు చెప్పగలరు?

చర్చి వీధి మొదట్లో ఆగి ఫోను తీసింది. మీట నొక్కింది.

"ఫెబీ, బావి సినిమా గురించి నేను చెప్పింది తప్పు. ఆ సీను సాగదియ్యలా. ఇంకా కొంచెంసేపు పెట్టి ఉండాల్సింది. పొద్దున కొట్టంలో ఈ మెసేజి పెట్టుకో. సౌండు పెంచి పెట్టుకో."